అందరూ వెళ్లిపోయాక వచ్చే మనిషి

బాలకిష్టయ్య సార్ ఇక లేరన్న వార్త నాకు పెబ్బేరులో, మా బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వడ్డిస్తున్న వేళ అందింది. వనపర్తి నుంచి నా పాత సహాధ్యాయి ఒకడు ఫోన్ చేసి, "సార్ పోయిండు రూతూ. పొద్దున చాయ్ తాగి కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే పోయిండు" అన్నాడు. చేతిలోని గరిటె వంటామెకు ఇచ్చి వరండాలోకి వచ్చి నిలబడ్డాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. సార్ విషయంలో నాకు దుఃఖం ఎప్పుడూ ముందు కోపంగానే వస్తుంది. ఆ అలవాటు చేసింది ఆయనే.

సార్ నాగర్‌కర్నూలు దగ్గరి ఒక పల్లెలో జన్మించారు. గద్వాల కళాశాలలో జీవితమంతా అర్థశాస్త్రం బోధించి, ఉద్యోగ విరమణానంతరం వనపర్తిలో స్థిరపడ్డారు. ఆయన విద్వత్తునూ నిరాడంబరతనూ శిష్యవాత్సల్యాన్నీ సంతాప సభలో చాలామంది కొనియాడారు. అవన్నీ నిజాలే. కానీ ఆయనకు మరొక వ్యాసంగం ఉండేది. ప్రకృతి విపత్తు విరుచుకుపడిన ప్రాంతాలకు సెలవు పెట్టి, సొంత ఖర్చుతో వెళ్లేవారు. అక్కడి సమాజం పడిన చోటి నుంచి ఎలా లేస్తుందో దగ్గరుండి గమనించేవారు, చేతనైన పని చేసేవారు. అయితే ఆయన వెళ్లేది మాత్రం అందరూ వెళ్లిపోయాకే.

నేను డిగ్రీలో ఉండగా కోస్తాలో పెద్ద తుఫాను వచ్చింది. మేమంతా బియ్యం, దుప్పట్లు పోగుచేసి సార్‌ను మాతో రమ్మని అడిగాం. "సామాను పంపుండ్రి. నేనిప్పుడు రాను. ఇప్పుడు పోతే చూడనీకె పోయినట్టయితది" అన్నారు. సార్‌కు జాలి కూడా సిలబస్ ప్రకారమే వస్తుందని హాస్టల్లో నవ్వుకున్నాం. రెండు నెలల తర్వాత, ఆ తుఫాను ఊసు పేపర్లలో కూడా లేనప్పుడు, ఆయన సంచి భుజాన వేసుకుని బయలుదేరారు.

తిరిగి వచ్చాక ఆయన చెప్పే సంగతులు ఏ పుస్తకంలోనూ దొరికేవి కావు. ఆ తీరంలో ఒక ఊళ్లో పడవలన్నీ పగిలిపోతే, మిగిలిన కొద్ది పడవల మీద పట్టిన చేపలను ఊరంతా పంచుకున్నారట. మగదిక్కు పోయిన ఇళ్లకు కూడా వాటా పెట్టారట. పడమటి వైపు భూకంపం వచ్చిన చోట వ్యాపారులు తమ ఇళ్ల సంగతి పక్కన పెట్టి ముందు దుకాణాలు తెరిచారట. బజారు నడిస్తేనే మనసు నిలబడుతుందని అక్కడివారి నమ్మకం. కొండచరియలు విరిగిపడ్డ మరొక చోట, చనిపోయినవారికి కర్మలు పూర్తయ్యేదాకా బయటివాళ్లతో మాట్లాడనే లేదట. "ఆపద అందరిని ఒక్కతీరుగ ముంచుతది. తేలుడు మాత్రం ఊరికొక తీరు" అనేవారు సార్. మన పాలమూరు వాళ్లు ఏం చేస్తారు సార్ అని ఎవరో అడిగితే, "మనకు కష్టమొస్తే ముందు బస్టాండు యాదికొస్తది" అన్నారు. క్లాసంతా నవ్వింది. మాలో సగం మంది తల్లిదండ్రులు ఆ సమయానికి వలస పనుల్లోనే ఉన్నారు.

నా చదువు పూర్తయిన కొన్నాళ్లకు తుంగభద్ర పొంగి మా ఊరిని ముంచింది. మానవపాడు వైపు, నది ఒడ్డున ఉండే పల్లె మాది. ఊరంతా గట్టు మీది బడికి చేరింది. పొట్లాల అన్నం తడిసి వాసన వస్తుంటే పిల్లలు తినలేకపోయారు. ఎవరో బియ్యం, పెద్ద గుండిగ పంపారు. ఇంతమందికి వండటం ఎవరికీ తెలియదు. మా అమ్మ మరియమ్మకు తెలుసు. వలస వెళ్లిన చోటల్లా కూలీల గుంపులకు వండిపెట్టింది మా అమ్మే. ఆమె పొయ్యి రాజేసింది. సాలె నాగమ్మ వచ్చి పక్కన కూర్చుని ఉల్లిగడ్డలు కోసింది. ఊరి చివరి వాడలో ఉండే మా అమ్మ వండిన అన్నం ఆ వారమంతా ఊరంతా తిన్నది. ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ వారంలో రాని మనిషి లేడు. ఫోటోలు తీశారు, పాత బట్టలు కుప్పలు పోశారు, "ఎంత పోయింది?" అని అడిగారు. సార్ రాలేదు. ఫోన్ చేస్తే, "వస్త బిడ్డా, జర ఆగు" అన్నారు. ఎక్కడెక్కడికో వెళ్లిన మనిషి, గద్వాల నుంచి ఒక బస్సు ఎక్కితే వచ్చే నా ఊరికి రాలేదు. ఆయనతో ఇక మాట్లాడకూడదనుకున్నాను.

నీళ్లు తీశాయి. నాగమ్మ ఇంట్లో మగ్గం గుంట నిండా ఒండ్రు పేరుకుపోయి గట్టిపడింది. కాళ్లు పెట్టి కూర్చునే గుంటే పోతే నేసేదెక్కడ? మా వాడ జనం తట్టా పారా పట్టుకుని వెళ్లి ఆ మట్టి తోడారు. అయితే రోజులు గడిచేకొద్దీ ఊరు మెల్లగా తన పాత తీరుకు తిరిగి వెళ్లింది. అమ్మకు మళ్లీ వాకిట్లోనే మంచినీళ్లు ఇచ్చారు. గట్టు మీద కొత్త కాలనీ కడతామని ప్రభుత్వం అన్నాక, ఎవరి ఇల్లు ఎక్కడన్న మాట మొదలైంది. పాత వాడలు పాత వాడల్లాగే ఉండాలన్నారు పెద్దలు. అంటే మేము మళ్లీ పల్లంలో, చివర. అమ్మ ఆ కబురు విని అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోయింది.

సరిగ్గా అప్పుడు దిగారు సార్. నేను పలకరించలేదు. ఆయన పట్టించుకోలేదు. ఇంటింటికీ తిరిగి, "మధ్యాహ్నం ఏం తిన్నవమ్మా?" అని అడిగారు. ఎంత పోయిందని ఒక్కరినీ అడగలేదు. బడిలో ఒక గది తీసుకుని, సెలవు పొడిగించుకుంటూ ఉండిపోయారు.

ఊరి సమావేశంలో పెద్దలు ఆయన్ని మాట్లాడమన్నారు. సార్ ఆ భూకంపపు ఊరి కథ చెప్పారు. అక్కడ చీటీలు తీసి ఇళ్లు పంచారట. ఇరుగుపొరుగులు చెల్లాచెదురై, ఒక ముసలామె రోజూ సాయంత్రం పోయి తన పాత ఇంటి రాళ్ల మీద కూర్చునేదట. "ఇరుగుపొరుగును విడదీయకుండ్రి" అన్నారు సార్. పెద్దల ముఖాలు వెలిగాయి. సార్ కూడా అదే చెప్పిండు చూడుండ్రి అన్నారు.

మా అమ్మ లేచి నిలబడింది. సభలో ఆమె నోరు విప్పడం నేను అంతకుముందు చూడలేదు. "సారూ, ఆ ముసలమ్మకు ఇరుగుపొరుగు ఉండె. మాకెవరుండ్రి? మా పక్కన నదే ఉండె" అంది.

సార్ కూర్చున్నారు. మర్నాడు సాయంత్రం మళ్లీ ఊరిని పిలవమన్నారు. అందరి ముందూ నిలబడి, "నిన్న నేను చెప్పిన మాట ఆ ఊరిది. దాన్ని తెచ్చి ఈ ఊరి మీద పెట్టిన. తప్పు చేసిన. వాపస్ తీసుకుంటున్న. చీటీలే వేయుండ్రి" అన్నారు. సార్ మాటకు నిలకడ లేదని ఒక పెద్దాయన బాహాటంగానే అన్నాడు. "నిలకడ కోసం తప్పు మీద నిలబడనీకె రాదు కదా పటేలా" అన్నారు సార్, నెమ్మదిగానే. చదువుకున్నవాళ్లు తమ మాటను వెనక్కి తీసుకోవడం నేను చాలా తక్కువగా చూశాను. ఆ సాయంత్రంతో నా కోపం పోయింది.

అప్పుడు నాగమ్మ అడ్డం పడింది. "చీటీలంటే భయమైతది సారూ. ఎవరి పక్కన పడ్తమో ఏమో. నాకు మరియమ్మ పక్కకు కావాలె." దానికి సార్, రెండు ఇళ్లవాళ్లు ఇష్టపడి జతగా వస్తే ఇద్దరికీ కలిపి ఒకే చీటీ తీయమన్నారు. ముసలామె బాధకూ మా అమ్మ మాటకూ ఆయన వెతికిన దారి అది. పెద్దలు గొణిగారు కానీ, ఒంటరిగా ఎక్కడో పడతామన్న భయం వాళ్లకూ ఉంది. చివరికి ఒప్పుకున్నారు.

ఊరు మారిపోయిందని నేను రాస్తే సార్ ఒప్పుకోరు. ఆ జతల్లో ఎక్కువ భాగం ఏ కులానికి ఆ కులమే. గీత దాటిన జతలు బహుకొద్ది. కానీ చీటీ తీశాక ఆ జతల పక్కన ఎవరు పడతారో ఎవరి చేతిలోనూ లేదు కనుక, కాలనీకి చివరి వాడ అంటూ లేకుండా పోయింది. మా అమ్మా నాగమ్మా ఈరోజుకీ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటారు. ఒకరి ఇంట్లో ఒకరు నీళ్లు తాగుతారు. నల్లా దగ్గర కొట్లాడుకుంటారు కూడా. ఆ కబురు చెప్పినప్పుడు సార్ ఎంత సంబరపడ్డారో. "కొట్లాడుకుంటుండ్రంటే ఇరుగుపొరుగు అయిండ్రన్నట్టు" అన్నారు.

సార్ అంత్యక్రియలకు వనపర్తిలో జనం పోటెత్తారు. అమ్మా నాగమ్మా రాలేదు. నాకు ఒళ్లు మండి ఫోన్ చేశాను. "అంత మందిల మేమొచ్చి ఏం చేస్తం? తర్వాత పోతం" అంది అమ్మ. ఆ సాయంత్రం నేను అమ్మతో సరిగా మాట్లాడలేదు. దినకర్మలు అయ్యాయి. పిల్లలు, బంధువులు ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లారు. సార్ భార్య శారదమ్మగారు ఆ ఇంట్లో ఒక్కరే మిగిలారు.

నిన్న అమ్మా నాగమ్మా జొన్నరొట్టెలూ పల్లీల పొడీ మూట కట్టుకుని వనపర్తి వెళ్లారు. శారదమ్మగారు నాకు ఫోన్ చేశారు. "ఇన్ని దినాలు వచ్చినోళ్లంత సార్ ఎట్ల పోయిండని అడిగిండ్రమ్మా. చెప్పి చెప్పి అలిసిపోయిన. మీ అమ్మ మాత్రం గడపల అడుగుపెట్టంగనే, మధ్యాహ్నం ఏం తిన్నవని అడిగింది" అన్నారు. సార్ పోయిన రోజున నాకు రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

గురువర్యులకు పాదాభివందనం తప్ప ఇవ్వడానికి నా దగ్గర వేరే ఏమీ లేదు. ఇక ఏ ఊరు మునిగినా, ఏ నేల కంపించినా, అందరూ తిరిగి వెళ్లే బస్సుకు ఎదురుగా వచ్చే ఆ సంచి మనిషి ఉండడు. ఆ చోటు ఖాళీగానే ఉంటుందని నా భయం.

ఈ పూట అమ్మకు ఫోన్ చేసి ఎప్పుడు తిరిగి వస్తున్నారని అడిగాను. వెనక నుంచి నాగమ్మ, శారదమ్మగారు ఏదో మాట్లాడుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

"తొందరేముంది బిడ్డా" అంది అమ్మ. "సారు మన ఊర్ల ఎన్ని దినాలున్నడో, అన్ని దినాలు ఉండి వస్తం."