చిదంబరం సారుకు కనిపించదు

మా చిదంబరం సారుకు మైక్రోస్కోపులో ఏమీ కనిపించదు. క్యాన్సర్ మీద జీవితమంతా పరిశోధన చేసిన పాథాలజీ ప్రొఫెసర్‌కి ఇది చిన్న లోపమేం కాదు. ఈత రాని చేప లాంటి సంగతి. ఏ స్లైడు పెట్టినా కళ్లానించి, "నాకేం కనిపిస్తలేదు, నువ్వు చెప్పు," అంటారు.

నేను శివని. ఆయన దగ్గరే పీహెచ్‌డీ మధ్యలో మానేశాను. మానేశాననడం కంటే, నా తెలివిని తట్టుకోలేక పీహెచ్‌డీయే పారిపోయిందనడం న్యాయం. ఇప్పుడు నాచారంలో డిపార్ట్‌మెంటు గేటు ఎదుటే నాకు జిరాక్సు, బైండింగు షాపు. థీసిస్ రాయలేదు గానీ, నేను గమ్ము పెట్టనిదే ఈ చుట్టుపక్కల ఏ డాక్టరేటూ అతకదు.

డిపార్ట్‌మెంటులో మూడు తలల మైక్రోస్కోపు ఉంది. బ్రహ్మకంటే ఒక్క తలే తక్కువ. ఒకే స్లైడును ముగ్గురు ఒకేసారి చూడొచ్చు. నా చదువు రోజుల్లో ఓసారి ఉడుక్కుని, "సర్, కళ్లద్దాలన్న మార్చుండ్రి," అన్నాను.

"మార్చిన. గుండ్రంగ ఏందో ఉన్నట్టుంది. ఏంది శివా?"

"కణం సర్!"

"కణమా! ఎట్లుంది? జర ఇడమరిచి చెప్పు."

ఒక్క స్లైడు చెప్పేసరికి నా గొంతు ఎడారయ్యేది.

అదే మనిషి క్యాంటీన్లో అవతలి బల్ల మీది అన్నంలో రాయి కనిపెట్టి, "అన్నా, నమలకు!" అని అరిచేవారు. ఉప్పల్ చౌరస్తాలో నిలబడి, పీర్జాదిగూడలో కడుతున్న అపార్ట్‌మెంటు మీది మేస్త్రీ ఏ బీడీ కాలుస్తున్నాడో చెప్పేవారు. ఇందులో నేను కలిపింది పిసరంతే.

ఈమధ్య హిమజ వైవా జరిగింది. రొమ్ము క్యాన్సర్ చంకలోని గ్రంథులకు ఎట్లా పాకుతుందన్నది ఆ పిల్ల పరిశోధన. తెలివి మస్తు. కొత్తవాళ్లెదుట మాత్రం నోరు పెగలదు. వైవా గట్టెక్కితే డాక్టరేటు, దాంతోపాటే సోమవారం నుంచి ఎమ్మెస్సీ పిల్లలకు పాఠం చెప్పే ఉద్యోగం. లేదంటే రెండూ లేవు. బైండు చేసిన పుస్తకాలు మోసుకెళ్లి నేనూ వెనక వరసలో కూర్చున్నాను.

పరీక్షించడానికి రాజమండ్రి నుంచి భూషణం గారు వచ్చారు. ఆయన మీసం చూస్తేనే సగం చదువు మరుపుకొస్తుంది. మైక్రోస్కోపు ముందు కూర్చుని, "గ్రంథిలోకి పాకిందని రాశావు కదమ్మా, ఎక్కడో చూపించు," అన్నారు.

హిమజ పెదాలు కదిలాయి. మాట రాలేదు.

"ఇన్నేళ్లూ ఏం చేశావమ్మా?" అంటూ భూషణం గారు పెన్నుకి మూత పెట్టేశారు.

సారు మూడో తలకు కళ్లానించారు. "హిమజా, నాకేం కనిపిస్తలేదమ్మా. ముందుగాల నాకు చెప్పు."

"మళ్లనా సర్!" అలవాటు కొద్దీ విసుక్కుందా పిల్ల. "నీలం చుక్కలు మినుములు ఆరబోసినట్టు సాపుగ ఉన్నయి సూడుండ్రి, అవి మంచియి."

"ఆఁ."

"ఇగ అంచుకు రాండ్రి. పెద్ద పెద్ద కణాలు, ఒక సైజు లేదు, ఒక వరుస లేదు. పొద్దుగాల ఉప్పల్ బస్సెక్కేటోళ్ల లెక్క ఒకదాని మీదొకటి పడ్తున్నయి. అవే సర్ క్యాన్సర్‌వి!"

ఇక ఆపితే ఒట్టు. భూషణం గారడిగిన ప్రతిదానికీ సారు వైపు తిరిగి జవాబు చెప్పింది. భూషణం గారు పెన్ను మూత తీశారు. డాక్టరేటు ఖాయమైంది.

అంతటితో ఆగితే బాగుండేది. భూషణం గారు జాలిపడ్డారు. "చిదంబరం గారూ, చూపు ఇంత పాడైతే చెప్పరేమండీ! మా బావమరిది కళ్ల డాక్టరు, ఉప్పల్లోనే ఉన్నాడు. ఇప్పుడే వెళ్దాం పదండి," అని ఆయనకి ఫోన్ చేసేశారు.

నేను సారు చెవిలో, "కనిపిస్తదని చెప్పుండ్రి సర్," అన్నాను.

"ఊకోరా! సోమవారం ఆ పిల్ల పాఠం చెప్పాలె. నేను పరీక్ష పెట్టిన అనుకుంటే మళ్ల భయపడ్తది. నాకు సాయం చేస్తున్న అనుకుంటేనే నోరు తెరుస్తది."

వెళ్లారు. బుద్ధిగా కళ్లలో చుక్కలు వేయించుకున్నారు. బయటికొచ్చేసరికి నల్లద్దాల వెనక లోకమంతా పొగమంచు. మొట్టమొదటిసారి సారుకు నిజంగానే ఏమీ కనిపించలేదు. తోడొచ్చిన హిమజ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తోంది.

"ఆగుండ్రి సర్, ఆటో వస్తుంది."

"ఎటు దిక్కుకెళ్లి?"

"ఎడమ దిక్కుకెళ్లి. రాంగ్ రూట్ల. డ్రైవరు మన దిక్కు సూస్తలేడు, ఫోన్ల సూస్తున్నడు."

సారు నడిరోడ్డు మీద మురిసిపోయి నిలబడ్డారు. "శబాష్! డ్రైవరుకు వయసెంత ఉంటది?"

"వయసు తర్వాత సర్, ముందుగాల కాలు ఎయ్యుండ్రి!" అని ప్రొఫెసర్‌గారిని రెక్క పట్టి గుంజింది డాక్టర్ హిమజ.