సికిల్ కార్డులో లేని జబ్బు

సాక్సులు తయారుచేసే కంపెనీల మీద నాకొక ఫిర్యాదు ఉండేది. ఎలాస్టిక్ అంత బిగుతుగా ఎందుకు పెడతారో అర్థమయ్యేది కాదు. మా స్కూలుకు కొత్తగా వచ్చిన ప్రిన్సిపాల్‌కు బూట్లంటే భక్తి. తరగతి గదికి తలుపు లేకపోయినా ఓర్చుకుంటాడుగానీ, నాలాంటి గెస్ట్ టీచర్ కాలికి చెప్పు కనిపిస్తే ఓర్చుకోడు. కాబట్టి రోజూ పొద్దున్నే మంచం అంచున కూర్చుని సాక్సులతో కుస్తీ పట్టేవాణ్ణి. ఒక చలికాలం పొద్దున సాక్సు ఎక్కనే లేదు. ఇంకో జత తీశాను. అదీ ఎక్కలేదు. అప్పుడు చూసుకున్నాను, నా చేతులు పాదాల దాకా పోవడం లేదు. నడుము కింద ఎవరో చెక్క పెట్టి మేకులు కొట్టినట్టుంది.

మాది గోదావరికి ఆవలి ఒడ్డున, హిందీ రాష్ట్రంలో ఉన్న తర్లగూడకు కాస్త ఇవతల, తెలుగు మాట్లాడే రైతుల ఊరు. ఇంట్లో తెలుగు, స్కూల్లో హిందీ, సంతలో అడవి పల్లెలవాళ్ళ దోర్లీ. నడుం నొప్పికి మాత్రం మూడు భాషల్లోనూ ఒకటే మందు.

"పండుకుంటే నొస్తది, పని జేస్తే పోతది. గదేం రోగంరా, బద్ధకం," అన్నాడు మా చిన్నాయన.

ఇందులో దారుణం ఏమిటంటే, ఆయన చెప్పింది నిజం. పొద్దున లేవలేకపోయేవాణ్ణి. గంటసేపు అటూ ఇటూ తిరిగితే కీళ్ళకు నూనె పోసినట్టు సర్దుకునేది. పడుకుంటే మళ్ళీ మొదలు. పనితో తగ్గి విశ్రాంతితో పెరిగే నొప్పిని ఏ ఊరు మాత్రం జబ్బంటుంది? పైగా అప్పటికి ఇప్పపూల కాలం వచ్చింది. ఆ రోజుల్లో తెల్లారకముందే ఊరంతా చెట్ల కింద వంగి పూలు ఏరుతుంది, ఊరందరికీ నడుము నొస్తుంది. ఊరందరికీ ఉన్న నొప్పి నాకుంటే నేను ప్రత్యేకంగా మూలగడం మర్యాద కాదు. కాలం అయిపోయాక వాళ్ళ నొప్పి పోయింది. నాది ఉండిపోయింది.

డాక్టర్ల దగ్గరికి పోలేదని ఎవరూ అనుకోవద్దు. పోయాను. పోయిన ప్రతిసారీ ముందు మలేరియా పరీక్ష చేశారు. మా దగ్గర కాలు విరిగినా ముందు మలేరియా పరీక్ష చేస్తారు, అది మర్యాద. తరువాత సికిల్ పరీక్ష, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్తపు జబ్బు అది, మా వైపు పెళ్ళి సంబంధాలకు కూడా చూస్తారు. నాకు నెగెటివ్ అని ఒక కార్డు ఇచ్చారు. తరువాత గ్యాస్ మాత్రలు, విటమిన్ మాత్రలు, నడుముకు ఒక బెల్టు. చివరగా ఒక డాక్టరు నా ముఖంకేసి చూడకుండానే, "కమర్ దర్ద్ తో సబ్‌కో హోతా హై, మాస్టర్‌జీ. సికిల్ నెగెటివ్ హై. ఖూన్ మే కుఛ్ నహీఁ," అన్నాడు. నడుం నొప్పి అందరికీ ఉండేదేనట. నా రక్తంలో ఏమీ లేదట. ఆ మాట ఎంత నమ్మకంగా అన్నాడంటే, రక్తంలో కనీసం రక్తమైనా ఉందా అని అడగబుద్ధి వేసింది. అడగలేదు. అప్పటికి మెడ కూడా సరిగా తిరగడం లేదు, ఆయన వైపు తిరగడమే కష్టమైంది.

నా జబ్బును కనిపెట్టింది కంటి డాక్టరు. ఒకరోజు కుడికన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేనంత నొప్పి పుట్టింది. కళ్ళకలక అని చుక్కల మందు వేశారు, తగ్గలేదు. గోదావరి దాటి వరంగల్ పోయాను. అక్కడి డాక్టరు కంట్లోకి లైటు వేసి చూస్తూ, "నడుం నొప్పి ఉందా?" అని అడిగాడు.

"నేను కన్ను కోసం వచ్చాను సార్."

"తెలుసు. నడుం నొప్పి ఉందా?"

ఏడవాలనిపించింది. కన్ను ఎలాగూ కారుతూనే ఉంది కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు.

కంట్లో ఉన్నది యువైటిస్, అంటే కంటి లోపలి పొర వాపు, ఒక్కోసారి వెన్ను జబ్బుతో కలిసి వస్తుంది అన్నాడు. కీళ్ళ జబ్బులు చూసే రుమటాలజిస్టు దగ్గరికి పంపాడు. ESR, CRP అనే రక్తపరీక్షలు, ఎక్స్‌రే, MRI, ఇంకా HLA-B27 అనే జన్యు పరీక్ష. రిపోర్టులన్నీ బల్ల మీద పరిచి ఆ మేడమ్ నిదానంగా చెప్పింది: "యాంకైలోజింగ్ స్పాండిలైటిస్. ఆటో ఇమ్యూన్ జబ్బు. మీ శరీరమే మీ వెన్ను మీద దాడి చేస్తోంది. HLA-B27 పాజిటివ్. శాక్రోఇలియాక్ జాయింట్స్ ఫ్యూజ్ అయిపోయాయి. అంటే వెన్ను తుంటిని కలిసే చోట ఎముకలు అతుక్కున్నాయి. వాటిని విడదీయలేం. కాస్త ముందొచ్చి ఉంటే బాగుండేది."

కాస్త ముందు. బెల్టు కట్టుకుని, గ్యాస్ మాత్రలు మింగుతూ, బద్ధకస్తుడనే బిరుదు మోస్తూ నేను గడిపిన ఏళ్ళన్నీ ఆ 'కాస్త'లోనే ఉన్నాయి. నాకు వచ్చిన కోపానికి బల్ల ఎత్తి పడేయాలి. వంగడం రాదు కాబట్టి బల్ల బతికింది.

మాత్రలతో పూర్తిగా తగ్గలేదు. శరీరం చేసే ఆ దాడిని అణిచే బయలాజిక్ ఇంజెక్షన్ వేయాలన్నారు. అది వేసేముందు టీబీ పరీక్ష చేస్తే లోపల నిద్రపోతున్న టీబీ బయటపడింది. ముందు దానికి నెలల తరబడి మాత్రలు. ఆ నెలల్లో మెడ ఇంకాస్త బిగిసింది. చివరికి ఇంజెక్షన్లు చేతికొచ్చాక వాటిని చల్లగా ఉంచే ఫ్రిజ్ మా ఊళ్ళో కూల్‌డ్రింకుల కొట్టులోనే ఉంది. కొట్టు నడిపే సమ్మయ్య మంచివాడు. మంచితనం ఎక్కువై వాటిని తీసి పై అరలో, ఐసులో పెట్టాడు.

"మీకే గదా సార్, ఇంకా సల్లగుంటదని పైన పెట్టిన," అన్నాడు.

గడ్డకడితే ఆ మందు పనికిరాదు. సమ్మయ్యను ఏమీ అనలేకపోయాను. నా మీద ప్రేమతో తప్పు చేసింది అతనొక్కడే.

ఆ మేడమ్ పనిచేసే ఆస్పత్రికే ఒక పరిశోధన బృందం వచ్చేది. ఈ జబ్బు ముదరకముందే రక్తంలో పట్టుకునే జన్యు గుర్తుల కోసం వెతుకుతున్నారు. బయోమార్కర్లు అంటారట. HLA-B27 ఒక్కటే చాలదని ఆ బృందంలోని అమ్మాయి వివరించింది. అది ఉన్నవాళ్ళలో చాలామందికి జబ్బు ఎప్పటికీ రాదు. ఎవరికి వస్తుందో ముందే చెప్పాలంటే ఇంకా గుర్తులు కావాలి, అందుకు కుటుంబాల రక్తం కావాలి. నాకు సంతోషమే వేసింది. నా వెన్ను ఎటూ పోయింది, ఇంకొకరిదైనా నిలబడుతుంది. నాన్న లేడు. అమ్మను, పెళ్ళయి ఏరు అవతల ఊళ్ళో ఉన్న చెల్లెలు రజితను బస్సెక్కించాను.

బస్సులో రజిత కిటికీ వైపు చూస్తూ అంది: "అన్నా, నాకు గూడ పొద్దుగాల నడుం పట్టేస్తది. అరగంట దాక లేవలేను. మా అత్త రోజూ తిడ్తది, రాణిగారు లేసిన్రా అని."

ఇద్దరూ రక్తం ఇచ్చాక ఆ అమ్మాయిని అడిగాను, మా చెల్లెలికి HLA-B27 ఉందో లేదో చెప్పమని.

"అది రీసెర్చ్ శాంపిల్ అండీ. వ్యక్తిగత రిజల్ట్స్ ఇవ్వం."

"మీకు తెలుస్తుందిగా?"

"కోడ్ నంబరు మీద తెలుస్తుంది. మనిషికి చెప్పకూడదు."

ముందే గుర్తించడం కోసమే పుట్టిన పరిశోధన అది. ముందే గుర్తించాల్సిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంది, చేతి మీద దూది కూడా ఇంకా తీయలేదు. ఆ అమ్మాయి తప్పు కాదు, నిబంధన. మా ప్రాంతంలో నాకు దొరికిన తప్పులన్నీ ఇలాంటివే, ఎవరివీ కావు.

రజితకు బయట ల్యాబులో పరీక్ష చేయిద్దామని వాళ్ళింటికి పోయాను. జన్యు పరీక్ష అనగానే వాళ్ళత్త లోపలికి పోయి దేవుడి పటం వెనకనుంచి సికిల్ కార్డు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"పెండ్లికి ముందే సూపిచ్చిన్రు గద నాయినా. నెగెటివ్ అనే రాసున్నది. ఇప్పుడు మళ్ళ ఏంది?"

"అది వేరే జబ్బు అత్తమ్మా. ఇది వెన్నుది."

"నెత్తురు ఒక్కటే గదా. ఎన్నిసార్లు సూస్తరు? పిల్లల్లేక పరీక్షలు జేయిస్తున్నరని ఊర్ల అంటే నువ్వొచ్చి జెప్తవా?"

ఆమెను తప్పుపట్టడానికి నాకు మనసు రాలేదు. చదువుకున్న డాక్టరే సికిల్ నెగెటివ్ అని నా రక్తాన్ని నిర్దోషిగా వదిలేశాడు. ఆమె ఏం ఎక్కువ చేసింది? నేను నా చొక్కా ఎత్తి, వంగి నేల ముట్టుకోవడానికి ప్రయత్నించాను. మోకాళ్ళ దగ్గరే ఆగిపోయాను. "రజిత ఇట్లయితే మీ పొలం ఎవరు నాటుతరు అత్తమ్మా?" అన్నాను. మర్యాద తక్కువ మాటే. పని మాత్రం చేసింది.

రజితకు HLA-B27 పాజిటివ్. MRIలో వాపు మాత్రమే కనబడింది, ఎముకలు ఇంకా అతుక్కోలేదు. "ఇంత తొందరగా నా దగ్గరికి ఎవరూ రారు," అంది డాక్టరు మేడమ్. ఆ మాటకు రజిత నవ్వింది, నేను గోడకేసి చూశాను.

ఇప్పుడు రజిత మాత్రలతో, వ్యాయామంతో బాగానే ఉంది. నాటుకు పోతోంది. నేను మళ్ళీ తెప్పించుకున్న ఇంజెక్షన్ మీద ఉన్నాను. సాక్సులు వేసుకోవడానికి పొడవాటి చెక్కకు కొక్కెం బిగించుకున్నాను. మెడ తిరగదు, కాబట్టి ఎవరైనా పిలిస్తే మొత్తం తిరుగుతాను. పిల్లలు దాన్ని గౌరవం అనుకుంటున్నారు, అనుకోనిస్తున్నాను.

చదివేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. వయసులో ఉన్న మనిషికి నడుం నొప్పి మూడు నెలలు దాటినా, పొద్దున అరగంటకు పైగా బిగుసుకున్నా, తిరిగితే తగ్గి పడుకుంటే పెరుగుతున్నా, ఈ మాటలే ఇదే వరసలో డాక్టరుకు చెప్పి రుమటాలజిస్టు దగ్గరికి పంపమనండి. జన్యు పరీక్ష పాజిటివ్ అయితే జబ్బు వచ్చేసినట్టు కాదు, నెగెటివ్ అయితే రానట్టూ కాదు. బద్ధకం అన్నవాణ్ణి మాత్రం నమ్మకండి.

మొన్న ఆ బృందం నుంచి ఫోన్ వచ్చింది. అమ్మ రక్తం ఇంకోసారి కావాలట. జబ్బు లేని బంధువుల గుంపులో ఆమెది మంచి శాంపిల్ అట. ఫోన్ స్పీకర్‌లో పెట్టి అమ్మకు వినిపించాను. వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. చేతిలో పని ఆపకుండానే అంది:

"నాకు లేదని ఎవ్వలు జెప్పిన్రు? మీరు పుట్టకముందు నుంచి ఉన్నది. నన్ను అడిగితే గదా."