రెండు స్టాపులు పుష్

మా అక్కను ఎవరు ఫొటో తీసినా కళ్ళు మూసుకునే ఉంటుంది. పెళ్ళి ఆల్బం నుంచి మొన్నటి మనవడి నామకరణం దాకా అంతే. ఫ్లాష్ వెలగడం, రెప్పలు వాలడం ఒక్కసారే జరిగేవి. అనంతపురంలో స్టూడియో నడిపే సొంత తమ్ముణ్ణి, నేను తీసినవీ అంతే. సిగ్గుచేటు.

గుండెకు ఇక చేయగలిగిందేమీ లేదని డాక్టరు చెప్పాక, ధర్మవరంలో తమ మగ్గం ముందు కూచుని నన్ను నిలదీసింది.

“రేయ్, సచ్చినాక గోడ మీద గూడా కండ్లు మూసుకోనే ఉండాల్నా నేను?”

“ఫోన్‌లో తీస్తాలేక్కా. ఫ్లాష్ అక్కర్లే.”

“ఫోన్‌లో బొమ్మ ఫోన్‌తోనే పోతాది. నీ కాడ పాత కెమెరా ఉండాది కదా, రీలేసి తియ్యి.”

వేడిగాలికి పట్టుపోగులు తెగుతాయని ఆ గది కిటికీ తెరవరు. ఫ్లాష్ వాడకూడదు, ఉన్నది ఒక్క పసుపు బల్బు. మామూలు కలర్ రీలు వేస్తే మనిషి పసుపు ముద్దలా వస్తుంది. అందుకని బల్బు వెలుతురుకే చేసిన సినిమా రీలు వేశాను, ఐదొందల స్పీడుది. అదీ చాలలేదు. స్పీడు ఎంత ఎక్కువైతే అంత తక్కువ వెలుతురు చాలు కాబట్టి, కెమెరాలో రెండు వేల స్పీడని పెట్టి తీశాను. అలా తీస్తే, కడిగేటప్పుడు మందులో ఎక్కువసేపు ఉంచమని ల్యాబుకు చెప్పాలి. దాన్నే పుష్ చేయడం అంటాం. ఒక్కో స్టాపుకు స్పీడు రెట్టింపు లెక్క, నాకు కావలసింది రెండు స్టాపులు. బొమ్మ గరుకు తేలుతుంది, నీడలు నల్లగా పోతాయి, అయినా ముఖం దక్కుతుంది.

రీలు ఇంకా కెమెరాలో ఉండగానే అక్క పోయింది. కళ్ళు తెరిచే పోయింది. బావ నా వైపు తిరిగాడు.

“నువ్వే మూయప్పా,” అన్నాడు.

మూశాను. ఏడుపు రాలేదు. ఎవరో టీ ఇస్తే తాగాను. షామియానా వాళ్ళకు ఫోన్ చేశాను.

మట్టి చేసి వచ్చిన మర్నాడు రీలును బెంగళూరు బస్సు కండక్టరు చేతికిచ్చాను. ఎప్పుడూ అలాగే పంపుతాను. హెబ్బాళలో ల్యాబు మనిషి వచ్చి తీసుకుంటాడు. కవరు మీద “హెబ్బాళ, రెండు స్టాపులు పుష్” అని రాశాను. కండక్టరు కొత్తవాడు. మధ్యాహ్నం ల్యాబు నుంచి ఫోన్ వచ్చింది, కవరు అందలేదని. కండక్టరుకు చేశాను.

“హెబ్బాళ దాటి రెండు స్టాపులు పోయినాక టీ అంగడాయనకు ఇచ్చినా కదన్నా! పుష్ అంటే తోసేయమనే కదా?”

మామూలుగా అయితే వాడి ఏడు తరాలనూ కడిగేసేవాణ్ణి. “సరేలేప్పా,” అని పెట్టేశాను. ల్యాబు మనిషి పోయి వెతికితే, అంగట్లో స్టవ్వు పక్కనే ఉందట కవరు. వేడికి రీలు పాడవుతుంది. కళ్ళు తెరిచిన ఫొటో అక్కది ఇంకొకటి లేదు. అది తెలిసి కూడా నాకు ఏమీ అనిపించలేదు, అన్నానికి కూచున్నాను.

ప్రింటు వచ్చింది. అంచులు ఎర్రబారాయి. మగ్గం చీకట్లో కలిసిపోయింది. అక్క కళ్ళు మాత్రం తెరుచుకుని ఉన్నాయి.

పదకొండో రోజు, దివసం నాడు బావ పటానికి బొట్టు పెట్టాడు. “సూడప్పా, నిన్నే సూస్తాండాది,” అన్నాడు. అందరూ ఏడుస్తున్నారు. నేను గరుకు మరీ ఎక్కువైందా అని చూస్తున్నాను.

దండ నన్నే వేయమన్నారు. వేస్తే, పెద్ద దండ, జారి సరిగ్గా కళ్ళ మీదికి వచ్చింది. వేళ్ళతో పక్కకు జరిపాను. ఆ రోజు రెప్పలు మూసిన వేళ్ళే. అప్పుడొచ్చింది ఏడుపు.