వైశాఖ మధ్యాహ్నం అరుంధతి

లేని చుక్క కనపడిందని చెప్పమని ఆమె నాతో ఎందుకన్నది? ఇరవై రెండేళ్లుగా ఈ ప్రశ్న మోస్తున్నాను. మొన్న మంగళవారం దుమ్ముగూడెం నుంచి ఫోన్ వచ్చింది, మా సైన్సు టీచరమ్మ పోయిందని. ఇక అడగడానికి మనిషి లేదు.

ఎండాకాలంలో, చీకటి పడగానే మమ్మల్ని గోదారి కట్ట మీదికి తీసుకుపోయేది. చూపు ఆనని పిల్లలకు తన కళ్లద్దాలు కొంగుతో తుడిచి ఇచ్చేది. అవి ఎవరికీ సరిపోయేవి కావు. సప్తర్షుల్లో వశిష్ఠుణ్ణి, ఆయన్ను అంటిపెట్టుకున్న చిన్న చుక్క అరుంధతిని చూపించేది.

"మా గూడెంల గట్ల అనరు టీచర్," అన్నది నా బెంచీలో కూర్చునే కోయ పిల్ల. "అది ముసలమ్మ మంచం. ఆ ముగ్గురు దొంగలు దాన్ని ఎత్కపోతున్నరు."

"మరి నడిమి దొంగ పక్కన ఆ చిన్నదెవరే?"

"వాని పెండ్లాం. గట్టిగ పట్టుమని తిడుతున్నది."

టీచరమ్మ కట్ట మీద కూలబడి నవ్వింది. తర్వాత చెప్పింది, ఒక్కటిగా కనపడే వశిష్ఠుడిలోనే నాలుగు నక్షత్రాలున్నాయని, అరుంధతిలో రెండని. "ఇవి మన సూర్యునికన్న జల్దీ ఖర్చయితయి. ఉబ్బి, ఎర్రబడి, ఆఖరుకు చిన్న కణికలయి చల్లారుతయి. ఎక్కువ వెలిగేటోళ్లకు ఆయుష్షు తక్కువ."

ఎవరైనా తొందరపడి 'అవ్ టీచర్, చూసిన' అంటే వదిలేది కాదు. "ఏది, వేలు పెట్టి చూపియ్యి. కనపడకపోతే కనపడలేదను. సిగ్గేంది?"

ఆ మాట పట్టుకునే ఫిజిక్స్‌లో ఎం.ఎస్సీ. చేశాను. హైదరాబాదులో పరిశోధనకు సీటు వచ్చింది. అదే నెలలో బోనకల్ నుంచి సంబంధమూ వచ్చింది. మా నాన్న వినేది ఆమె మాట ఒక్కటే కాబట్టి నేనే వెళ్లి ఇంటికి పిలుచుకొచ్చాను.

"మీరేమంటరు టీచరమ్మా? చదివియ్యమంటే చదివిస్త," అన్నాడు నాన్న.

ఆమెకు పెళ్లి కాలేదు, కిరాయి ఇంట్లో ఒక్కతే ఉండేది. చాయ్ గ్లాసులోకి చూస్తూ, "మంచి సంబంధమంటున్నరు గద. చేసెయ్యిండ్రి," అన్నది. నా వైపు చూడలేదు.

వైశాఖంలో పెళ్లి. పదకొండు గంటల ఎండలో అయ్యగారు ఉత్తరం వైపు వేలు చూపించి, "అరుంధతి కనపడిందా తల్లీ?" అన్నాడు. వైశాఖంలో ఆ వేళకు అరుంధతి ఆకాశంలోనే ఉండదు, నేలకు కింద ఉంటుంది. ఆ లెక్క నాకు నేర్పింది టీచరమ్మే.

"కనపడ్డదను బిడ్డా. అందరు చూస్తున్నరు." వెనక నిలబడ్డ టీచరమ్మ గొంతు అది.

"కనపడింది," అన్నాను.

నా సంసారం చెడ్డది కాదు. పరిశోధన మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు. ఆమె లేకపోతే ఆ ఆశే నాకు పుట్టేది కాదు, అదీ నిజమే. ఆ మేలు తలుచుకున్న ప్రతిసారీ నోరు చేదవుతుంది.

పోయిన నెల భద్రాచలం దవాఖానాలో ఆమెను చూశాను.

"నీ బిడ్డ ఏం చదువుతది?"

"ఫిజిక్స్, టీచర్. హైదరాబాదుకు పంపుతున్న."

"పంపు," అన్నది. మెల్లగా అటు తిరిగి పడుకుంది. గోడవైపు ముఖం, సన్నబడ్డ వీపు, కదులుతున్న భుజాలు. ఏడుస్తున్నదో, దగ్గును ఆపుకుంటున్నదో. ఆ ప్రశ్న అడగకుండానే వచ్చేశాను. ఆమెను క్షమించానో లేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.