బోణీకి ముందొచ్చిన బాటసారి

ఆ ఆటను నేను కొన్నది దాని మీద జనం రాసిన తిట్లు చూసి. కంప్యూటరు ఆటలు అమ్మే చోట, కింద ఆడినవాళ్ళు అభిప్రాయాలు రాసే జాగా ఒకటి ఉంటుంది. ఒకాయన రాశాడు: "మూడు నెలలుగా ఆడుతున్నాను. రెండో కనుమ దాటలేదు. నా తెలివి మీద నాకున్న మంచి అభిప్రాయం కాస్తా పోయింది." ఇంకొకాయన, "దీన్ని తయారుచేసినవాళ్ళకు పిల్లాజెల్లా లేరా, గుండెలో తడి లేదా?" అని అడిగాడు. ఆయన కింద మరొకడు, "ఏడుపు ఆపి బుర్ర వాడు" అన్నాడు. ఇక వాళ్ళిద్దరూ వీధి కుళాయి దగ్గర బిందెలెత్తుకున్నట్టు కొట్టుకున్నారు. చివర ఒకడు తీర్పు చెప్పినట్టు రాశాడు: "ఇది మామూలు మనుషుల వల్ల అయ్యే పని కాదు."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నీ వల్ల కాదు అని ఎవడన్నా అంటే, ఆ పని నాకు అవసరమా కాదా అని కూడా ఆలోచించను. కొనేశాను.

ఆట సంగతి చెప్పాలి. శాపం పట్టి మంచులో మునిగిన రాజ్యం. పన్నెండుమంది మన మనుషులు. వాళ్ళను కొండలూ అడవులూ దాటించి, శాపం పెట్టిన మంత్రగాడి కోట దాకా నడిపించాలి. నేలంతా గళ్ళు. మన వంతులో మనం కదుపుతాం, వాళ్ళ వంతులో రాక్షసులు కదులుతారు. చచ్చినవాడు చచ్చినట్టే, మళ్ళీ లేవడు. వేసిన అడుగు వెనక్కి తీసుకోవడానికి లేదు. అందుకే అన్ని తిట్లు.

నన్నడిగితే మాత్రం, అంగడి పెట్టుకున్నవాడి కోసమే చేసిన ఆట అది. తిరుత్తణి బజారులో మాది పాత్రల అంగడి. ఎవర్‌సిల్వర్ అనే స్టీలు గిన్నెలు, ఇత్తడి చెంబులు, కుక్కర్లు, వాటి రబ్బర్లు. కృత్తిక నాడు కొండ మీది గుడికొచ్చే జనంతో ఊపిరాడదు గానీ, తక్కిన రోజుల్లో బేరానికీ బేరానికీ మధ్య బోలెడు తీరిక. పరుగెత్తే ఆటలైతే మనిషి వచ్చే లోపల మనం చస్తాం. ఇందులో అట్లా కాదు. రాక్షసుడు గొడ్డలి ఎత్తి నిలబడే ఉంటాడు. మనం లేచి ఇడ్లీ పాత్ర చూపించి, బేరం తెగ్గొట్టి, మూత మీద పేరు చెక్కించి, సంచిలో వేసి పంపి, చేతులు తుడుచుకుని వచ్చి కూర్చున్నా వాడు అట్లాగే ఉంటాడు. అంత మర్యాద మా కొనుగోలుదార్లలో కూడా చూడలేదు.

ఇక మా అత్త సంగతి. అసలు కథ ఆమెదే.

అత్త అంటే నా మేనమామ భార్య. నేను ఊత్తుకోటలో పుట్టినా, నా బడి సెలవులన్నీ తిరుత్తణిలో ఆమె దగ్గరే గడిచాయి. పులి–మేక ఆటలో నన్ను చిత్తుగా ఓడించేది. ఓడిపోయి గింజలు విసిరికొడితే చెవి మెలిపెట్టి, "ఒరేయ్, ఓడిపోయేదానికి గూడా తెలివుండాల్రా" అనేది. ఆ చెయ్యే మళ్ళీ పెరుగన్నం ముద్దలు చేసి పెట్టేది. తర్వాత ఆమె కూతుర్నే నాకిచ్చి చేశారు. పెళ్ళి పీటల మీద నుంచి లేచానో లేదో, అత్త మాట్లాడడం మానేసింది. మా వాళ్ళలో అత్తగారు అల్లుడితో ఎదురుపడి మాట్లాడదు, పేరు పెట్టి పిలవదు. మేనల్లుడే కదా అంటే కుదరదు. తాళి కట్టిన గంట నుంచి నేను అల్లుణ్ణి.

ఇంట్లోనైతే మా ఆవిడ మధ్యలో ఉంటుంది. "అన్నం తినమను మీ ఆయన్ని," "బండికి టైమయిందని చెప్పు." అంగడిలో మాత్రం చావు వచ్చిపడింది. మామ తిరువళ్ళూరు అంగడి చూసుకుంటాడు. మా ఆవిడ బడిలో పాఠాలు చెబుతుంది. ఇక్కడ పొద్దంతా అత్తా నేనూ ఇద్దరమే. అందుకని అత్త పాత్రలతో మాట్లాడేది. నేను వినాలన్న మాట ఏదైనా ఎదుటి అరలోని బిందెకు చెప్పేది. "పై వరసలో చెంబు దించితే బాగుంటుంది." "కాఫీ చల్లారిపోతా ఉండాది." ఎనిమిదేళ్ళు! పెళ్ళాం వచ్చిందన్న సంతోషం ఒక పక్క, అత్త పోయిందన్న దిగులు ఇంకో పక్క. ఈ మాట ఎవరితో చెప్పినా నవ్వుతారు, చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం, నా కత్తివాడొకడు బురదలో దిగబడి రాక్షసుడి చేతిలో చచ్చాడు. నేను బల్ల మీద గుద్దాను. వెనక నుంచి, బిందె వైపు తిరిగి, అత్త గొంతు: "ఆ పక్క గుట్ట మీద విల్లు పట్టుకున్న పిల్లను నిలబెట్టుంటే వాడు చచ్చుండడు."

ఉలిక్కిపడ్డాను. ఎన్నాళ్ళుగా నా వెనక నిలబడి చూస్తోందో! మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టి, ఆమె చెప్పినట్టే విలుకత్తెను గుట్ట ఎక్కించాను. మొదటి కనుమ దాటాము. అప్పటి నుంచి ఆ విలుకత్తె అత్త సొత్తు. "మన పిల్ల" అనేది. మన పిల్లను ముందుకు పంపకూడదు, మన పిల్లకు మంచి కంబళి ఇయ్యాల, మన పిల్ల చలికి వణకతా ఉండాది. అంతా బిందెతోనే. అయినా రోజుకు నాలుగు మాటలు వినబడే చోట నలభై వినబడసాగాయి. నాకదే చాలు.

ఆటకు అత్త పెట్టిన నియమం ఒక్కటే. బోణీ కాకముందు కంప్యూటరులో ఆట తెరవకూడదు.

బోణీ అంటే ఆమెకు ఎంత పట్టింపో నేను అంగడికొచ్చిన కొత్తలోనే చూశాను. పొద్దున్నే ఒకావిడ వచ్చి నిలువు దీపం, ఫలానా ఎత్తుది కావాలంది. అది మా దగ్గర లేదు. లేదన్నాను. ఆమె వెళ్ళిపోయింది. అత్త మొహం నల్లబడింది. "తొలి బేరానికి లేదనే మనిషి మన ఇంట్లో ఇంతవరకు పుట్టలా" అని బిందెకు చెప్పి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలో పరుగెత్తి ఆమెను వెనక్కి పిలుచుకొచ్చింది. మేడ మీదికి వెళ్ళి, మా పూజగదిలో అప్పుడే వెలిగించిన దీపం కొండెక్కించి, తుడిచి, నూనె వాసనతోనే ఆమె చేతిలో పెట్టింది. పొద్దున్నే మొదట వచ్చి అడిగినవాళ్ళను ఉత్త చేతులతో పంపకూడదు. అంతే, దానికి వెనకాముందూ లేదు. ఆ రోజు నుంచి నా నోట్లో కూడా పొద్దుటిపూట "లేదు" అనే మాట పుట్టడం మానేసింది.

ఆటలో ఒక బాటసారి వస్తాడు. శిబిరంలో తెల్లవారేసరికి ముసుగు కప్పుకుని వాకిట్లో నిలబడి, మన మనుషుల్లో ఒకరిని చూపించి, "దారి తెలియదు, వీరిని నాతో పంపండి" అంటాడు. పంపితే ఇక ఆ మనిషి తిరిగి రాడు. ఆ అభిప్రాయాల జాగాలో ప్రతిదానికీ కొట్టుకు చచ్చేవాళ్ళంతా ఒకే మాట మీద నిలబడింది ఈ ఒక్క విషయంలోనే: వాడు అడిగితే పంపొద్దు. మాకూ రెండుసార్లు వచ్చాడు. రెండూ మధ్యాహ్నాలే. అత్త, ఈగను తోలినట్టు, "పో నాయనా, పో పో" అంది. నేను కుదరదని నొక్కాను. వెళ్ళిపోయాడు.

మూడోసారి వచ్చింది ఒక సోమవారం పొద్దున. అత్త తిరువళ్ళూరులో బంధువులమ్మాయి సీమంతానికని ముందు రోజే వెళ్ళింది. నేను తలుపులు తీసి, వాకిట నీళ్ళు చల్లి, ఊదుబత్తి వెలిగించి కూర్చున్నాను. సన్నగా తుంపర. అరగంటైనా పురుగు కూడా రాలేదు. చూసేవాళ్ళు ఎవరున్నారులే అని ఆట తెరిచాను.

శిబిరం తెల్లవారింది. వాకిట్లో వాడు. విలుకత్తెను చూపించి, నాతో పంపండి అన్నాడు.

నా మీద ఒట్టు, నేను ఆలోచించలేదు. పొద్దున్నే, ఊదుబత్తి పొగ, తుడిచిన అంగడి, మొదట వచ్చినవాడు, అడిగాడు. చెయ్యి దానంతట అదే "సరే" అన్నచోట నొక్కింది. విలుకత్తె విల్లు భుజాన వేసుకుని, కంబళి సర్దుకుని, మంచులోకి నడిచి వెళ్ళిపోయింది. కంప్యూటరు ఆపాను, మళ్ళీ పెట్టాను. పదకొండుమందే. అయిదు నిమిషాల తర్వాత అసలు బోణీ వచ్చింది. ఒక చెంచా.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అన్నారా! మా ఆవిడకు ఫోను చేశాను. బడిలో ఇంటర్వెల్. విరగబడి నవ్వింది. "నువ్వు కొంచెం చెప్పు మీ అమ్మతో" అని బతిమాలాను.

"మీ ఆటలో నన్నెప్పుడన్నా చేర్చుకున్నారా? నేను చెప్పను. నువ్వే చెప్పుకో పో" అని పెట్టేసింది.

అప్పుడు నాకు భయం వేసింది. ఆటలో మనిషి పోయినందుకు కాదు. ఆ పిల్ల వల్లే కదా అత్త నోట నలభై మాటలు వచ్చాయి. ఆమెకు మనసు విరిగి, మళ్ళీ చెంబు దించడం, కాఫీ చల్లారడం దగ్గరికి వెళ్ళిపోతే? కరెంటు పోయిందని చెబుదామా అనుకున్నాను. కంప్యూటరు చెడిపోయిందని చెబుదామా అనుకున్నాను. ఎన్ని అనుకున్నా, ఆమె మొహం చూస్తే నాకు అబద్ధం రాదు. చిన్నప్పుడూ రాలేదు.

మధ్యాహ్నం అత్త లోకల్ రైలు దిగి తిన్నగా అంగడికి వచ్చింది. చేతుల నిండా సీమంతం గాజులు, సంచిలో పులిహోర, కొబ్బరన్నం పొట్లాలు. స్టూలు మీద కూర్చుని చెమట తుడుచుకుని, బిందెతో, "మన పిల్ల ఎట్లుందో" అంది.

నేను తెర ఆమె వైపు తిప్పాను. వేలు పెట్టి లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. "పదకొండు మందే ఉండారే. యాడికి పోయింది?"

"నేనే పంపించినా అత్తా. ఆ ముసుగోడు అడిగినాడు."

అత్త చేతి గాజులన్నీ ఒక్కసారి గలగలమన్నాయి.

"ఒరేయ్, తలకుమాసినోడా! వాడు మనుషుల్ని మింగేటోడని లోకమంతా మొత్తుకుంటా ఉంటే నీ చెవులకేమైంద్రా? దాన్ని ఎంత కష్టపడి పెంచితిమి! ఉండేదాంట్లో మంచి కంబళి దానికే ఇస్తిమి కదరా! ఎవర్నడిగి ఇచ్చినావు? నోరు లేదా నీకు, పో అనేదానికి?"

అంటూనే నా చెవి మెలిపెట్టింది. నలభై దాటిన చెవి. కుక్కర్ రబ్బరు కోసం వచ్చిన పెద్దాయన ఒకడు గడప దగ్గర నిలబడి, "ఎన్నమ్మా, అప్పురం వరట్టుమా?" అన్నాడు. అయ్యో, తర్వాత రావడమెందుకు, ఈ వైభవం చూసి వెళ్ళవయ్యా అనాలనిపించింది నాకు. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, నోరేమో చెవుల దాకా సాగి నవ్వుతోంది.

అత్త చెయ్యి చటుక్కున ఆగింది. చెవి మాత్రం వదల్లేదు.

"ఉండు. వాడు ఎప్పుడొచ్చినాడు?"

"పొద్దున్నే."

"బోణీ అయిండెనా?"

"లేదత్తా."

చెవి వదిలేసింది. "సెరి. అది ముందే చెప్పొచ్చు కదరా. బోణీ కాకముందు వచ్చి అడిగితే ఇయ్యక ఏం చేస్తావు! నేనున్నా ఇచ్చుందును." మళ్ళీ ఏదో గుర్తొచ్చి రెండో చెవి పట్టుకుంది. "బోణీ కాకముందు తెరవొద్దంటే తెరిచినందుకు ఇది."

పెద్దాయనకు రబ్బరు ఇచ్చి పంపి, పులిహోర తింటూ మళ్ళీ ఆటకు కూర్చున్నాం. విలుకత్తె లేకుండా నాలుగు వంతులు కూడా నిలవలేదు. అందరూ పోయారు. అత్త చెయ్యి కడుక్కొచ్చి, ఆ అభిప్రాయాల జాగాలో మనమూ రాయాలంది. తెలుగు రాయడం నాకు అంతంత మాత్రం, తమిళమైతే చకచకా రాస్తానన్నాను. "తిట్టేటప్పుడు సొంత భాషలోనే తిట్టాల" అంది. తడుముకుంటూ రాశాను. ఆమె చెప్పింది చెప్పినట్టు ఇదీ: "ఆట బాగుంది. శానా కష్టం. మంచిదే, బుర్రకు పని. అయితే పొద్దున్నే వాకిట్లోకొచ్చి అడిగినోణ్ణి పొమ్మంటేనే గెలుస్తామంటే, ఆ గెలుపు మాకొద్దు. మేము ఇచ్చే ఆడతాము." ఉపయోగపడిందని దాని కింద ఇంతవరకు ఒక్కరూ నొక్కలేదు.

అది పంపించి, కొత్తగా పన్నెండుమందితో మొదటి నుంచి మొదలుపెట్టాము. సాయంత్రం మా ఆవిడ బడి నుంచి వచ్చి గడపలోనే ఆగిపోయింది.

"ఒరేయ్, గుర్రపోణ్ణి ఎడమకు తిప్పరా, ఎడమకు!" అంటోంది అత్త.

"అమ్మా! ఏందిది? అల్లుణ్ణి పట్టుకొని ఒరేయ్ అంటాండావే! ఎవరన్నా వింటే?"

అత్త తెర మీద నుంచి చూపు తిప్పలేదు. "అల్లుడయింది నిన్న గాక మొన్న. వీడు నాకు అంతకు ముందు నించే ఉండాడు. నువ్వు పోయి పాలు కాచుపో."

నా వంతు వచ్చింది. గళ్ళన్నీ అలుక్కుపోయి ఒకదానిలో ఒకటి కలిసిపోయి కనబడ్డాయి. ఎడమ ఏదో కుడి ఏదో తెలియక, గుర్రపువాణ్ణి తిన్నగా తీసుకెళ్ళి బురదలో దింపాను.

"ఒరేయ్!" అంది అత్త.