మా ఆవిడ మందుల షాపు

అరకు నుంచి లోపలికి పోయే రోడ్డు మీద మాది ఒక్కటే మందుల షాపు. మాది అంటున్నానుగానీ ఫార్మసీ చదివింది మా ఆవిడ. గోడ మీద ఫొటోతో ఉన్న సర్టిఫికెట్ ఆవిడదే. నేను విశాఖ నుంచి సరుకు తెచ్చేవాణ్ణి, అరలు తుడిచేవాణ్ణి, తిట్లు తినేవాణ్ణి.

తను కౌంటర్‌లో లేకపోతే డాక్టరు రాసిన మందు ఒక్కటి కూడా నేను ఇవ్వకూడదు. భోజనానికి వెళ్ళినా సరే, వచ్చినవాళ్ళు బల్ల మీద కూర్చోవాల్సిందే. "మాత్ర ఎక్కడుందో నాకు తెలీదా ఏటి?" అని గొణిగేవాణ్ణి. "ఎక్కడుందో తెలిస్తే సాలదండీ, ఎవరికి పడదో తెలవాల," అనేది. నాకు ఒళ్ళు మండేది. సంతరోజు కొండ దిగినవాళ్ళు జీపు పోతుందని సణుక్కుంటూనే కూర్చునేవారు. తనిఖీకి వచ్చే డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి మాత్రం పండగే. ఫ్రిజ్‌లో థర్మామీటరు, గడువు తీరిన మందులకు వేరే పెట్టె, అన్నీ చూసి, మా ఇంటి కాఫీ తాగి వెళ్ళేవాడు.

మొన్న వానాకాలం ఆవిడకి జ్వరం వచ్చింది. విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. ఒక్కణ్ణే తిరిగొచ్చాను.

కర్మ అయ్యాక షాపు మూసి, ఇంకో ఫార్మసిస్టు కోసం తిరగని చోటు లేదు. జీతం సరే అంటారు, ఊరి పేరు చెప్పగానే మొహం తిప్పేస్తారు. ఎవరో ఒకరు దొరికితే షాపు నిలుస్తుంది, షాపు నిలిస్తే ఆవిడ సర్దిన అరలు అలాగే ఉంటాయి. నా ఆశంతా అదే. ఒక్కరూ రాలేదు.

ఆ ఇన్‌స్పెక్టరే వచ్చాడు. కాఫీ వద్దన్నాడు. "ఫార్మసిస్టు లేకుండా లైసెన్సు ఉంచలేనండీ. సరుకు హోల్‌సేల్ వాళ్ళకి వాపసు పంపేయండి. ఆ సర్టిఫికెట్ కూడా దించెయ్యాలి," అన్నాడు తల వంచుకుని. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. ఆవిడున్నా ఆ మాటే అనేది. నన్నిలా వదిలేసి పోయినందుకు ఆవిడ మీద మాత్రం చెప్పలేనంత కోపం వచ్చింది.

ఆయన ముందే అరలు ఖాళీ చేస్తుంటే, బీపీ మాత్రలకని పై గూడెం ముసలమ్మ వచ్చింది. వానలకి కొండ దిగలేదేమో, చాన్నాళ్ళకి కనిపించింది. అయిపోయిన మాత్రల అట్ట నా ముందు పెట్టింది.

"మందులివ్వకూడదమ్మా. సర్కారు ఆసుపత్రికెళ్ళు, ఊరికే ఇస్తారు," అన్నాను.

"ఆయమ్మ నేదేటి?"

"లేదు."

"అవున్లే, ఆయమ్మ నేకుండా నువ్వియ్యవు గదా. నాకు తొందరేటి నేదు బాబూ, ఒచ్చీదాకా కూకుంటాను," అంటూ బల్ల మీద చెంగు సర్దుకుని కూర్చుంది.

ఇన్‌స్పెక్టర్ అటు తిరిగిపోయాడు. ఇన్నాళ్ళూ అందరికీ లేదనీ, పోయిందనీ చెప్పి గడిపేశాను. ఈమె చూస్తే షాపు వెనకే ఉన్న మా ఇంటి గుమ్మం వైపే చూస్తోంది.

"రాదమ్మా. చచ్చిపోయింది," అన్నాను. ఆ మాట నేను పైకి అనడం అదే మొదటిసారి.