విరిగిన కాలుతో నేనే నడిచి వచ్చానట!

"ఒక ప్రయాణికురాలు తనంతట తానే బయటికి నడిచి వచ్చింది." పాత నివేదిక నకలులో ఈ వాక్యం చదివినప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ప్రయాణికురాలిని నేనే మరి! ఆ రోజు నా కుడికాలు మోకాలి కింద రెండుగా విరిగి ఉంది. అలాంటి కాలుతో, కళ్ళు కనపడని పొగలో, విమానం తలుపు నుంచి ప్రహరీ గోడ దాకా నేను షికారుగా నడిచి వచ్చానట. రాసిన మహానుభావుడెవరో గానీ, నన్ను ఒక్క మాట అడిగి రాస్తే ఆయన సొమ్మేం పోయేది? నన్ను ఒక మనిషి ఎత్తుకొచ్చాడు. "గట్టిగా పట్టుకో తల్లీ, కండ్లు మూసుకో" అని తెలుగులో అన్నాడు. నొప్పికి ఓర్చుకోలేక నేను ఆయన ముంజేతిని కొరికేశాను కూడా. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు. ముఖం మాత్రం గుర్తులేదు. ఆయనెవరో కనుక్కుని, ఎదురుగా నిలబడి దండం పెట్టాలని ఈ ప్రయాణం కట్టాను.

నేను అనంతపురంలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. తీరిక దొరికినప్పుడల్లా ఒక మహానగరం నడిబొడ్డున ఉన్న విమానాశ్రయంలో జరిగిన ప్రమాదాల చరిత్ర రాసుకుంటున్నాను. నగరం పేరు చెప్పను, అప్పట్లో అక్కడ పనిచేసినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఊరు పెరిగి పెరిగి విమానాశ్రయం చుట్టూ అల్లుకుపోయాక ఎన్ని తంటాలు వచ్చాయో అన్నీ నా నోటుపుస్తకంలో ఎక్కాయి. చెత్తకుప్పల మీద తిరిగే గద్ద వచ్చి ఇంజన్లో పడింది. దిగుతున్న విమానానికి కుక్క అడ్డొచ్చింది. టైరు పగిలి ఒకటి పక్కకు ఒరిగింది. వాననీళ్ళు నిలిచి ఇంకొకటి జారిపోయింది. కానీ చదివేకొద్దీ నాకొకటి అర్థమైంది. ప్రతి ప్రమాదం తర్వాతా ఏదో ఒకటి బాగుపడింది. కుప్పలు ఎత్తేశారు, కంచె వేశారు, కాలువలు తవ్వారు. ఇక నేనున్నది పన్నెండుమంది ప్రయాణికులు పట్టే చిన్న విమానం. వానలో దిగుతూ రన్‌వే దాటిపోయి బురదలో దిగబడింది, ఇంజను అంటుకుంది. పైలట్లు ముందు కిటికీలోంచి బయటపడ్డారు. ప్రయాణికులం అందరం బతికాం. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. మేనమామ కొనిచ్చిన టికెట్టు, చిట్టచివరి సీటు, తలుపు పక్కనే.

2008 డిసెంబరులో ఒక శనివారం తెల్లవారి అయిదున్నరకు అనంతపురంలో బెంగుళూరు బస్సెక్కాను. బాగేపల్లికి అరవై చిల్లర తీసుకున్నాడు, ఎనిమిదికల్లా దింపాడు. అక్కడ దిగడానికి కారణం చలపతి శెట్టిగారు. ఆ ప్రమాదం రోజు విమానాశ్రయంలో వైర్‌లెస్ ముందు కూర్చున్నది ఆయనే. నౌకరీ అయిపోయాక సొంతూరు చేరి, తమ్ముడి శెనక్కాయల మండీలో కూర్చుంటున్నారు. నేను పేరు చెప్పగానే గుప్పెడు కాయలు నా చేతిలో పోసి, కుర్చీ లాగి కూర్చోబెట్టారు.

"నిన్ను ఎత్తింది ఫైరింజను మునిరెడ్డేనమ్మా, ఇంగెవురుండారు?" అన్నారు. "లోపలికి పొయ్యిండేది ఆయప్ప ఒగడే. మిగిలినోళ్ళు నీళ్ళు కొడతాండిరి. కానీ ఆయప్ప ఒప్పుకోడు."

"ఎందుకు ఒప్పుకోడండీ?"

"వైర్‌లెస్‌లో ఆయప్ప నాకు చెప్పిండేది పదకొండు. నా చేతిలో లిస్టులో పన్నెండుండాది. ఇంగొగరు యాడప్పా అంటి. అంతే, మళ్ళా ఆ మంటలోకే దూరినాడు. రెండు చేతులూ కాల్చుకున్యాడు. లోపల ఎవురూ లేరు. చూస్తే నువ్వు ఆసుపత్రిలో ఉండావు."

అదీ సంగతి. గోడ పక్కన పడుకోబెట్టిన నన్ను పాలవ్యాను వాళ్ళెవరో చూసి, ఎవరికీ చెప్పకుండా ఆసుపత్రికి చేర్చారు. సాయంత్రం దాకా నేను ఎవరి లెక్కలోనూ లేను. ఆఫీసువాళ్ళు దానికి సులువైన కథ అల్లారు. మునిరెడ్డి కంగారులో ఒకరిని లోపలే వదిలేశాడు, ఆ పిల్ల తనంతట తానే నడిచి వచ్చింది. ఆయన్ను అగ్నిమాపక బండి మీద నుంచి తీసేసి గోడౌనులో కూర్చోబెట్టారు. "అప్పుడు సంది ఆయప్ప పేరు లెక్క తప్పిన మునిరెడ్డి," అన్నారు శెట్టిగారు. "ఊర్లో గూడా అదే పేరు. ఒగటి మాత్రం రాసుకోమ్మా. ఆ పొద్దు తరువాతనే రూలు పెట్టినారు. బయటికి తెచ్చినోళ్ళని ఒగే తావున కూర్చోబెట్టల్ల. ఇంగొగడు లిస్టు పట్టుకోని పేరుపేరునా పిలవల్ల. తెచ్చేవాడే లెక్కపెట్టకూడదు." ఆ మాట అక్కడికక్కడే నోటుపుస్తకంలో రాసుకున్నాను.

మునిరెడ్డిగారు ఉండేది చింతామణి దాటాక, కెంచార్లహళ్ళి వైపు అని శెట్టిగారు చెప్పారు. బాగేపల్లి నుంచి చింతామణికి నేరుగా బస్సుంది గానీ అది అప్పటికే వెళ్ళిపోయింది. అందుకని తొమ్మిదింబావుకి చిక్కబళ్ళాపురం బస్సెక్కాను, ఇరవై రెండు రూపాయలు. పేరేసంద్ర దగ్గర బస్సు పది నిమిషాలు ఆగితే రోడ్డు పక్కన నల్లద్రాక్ష కొన్నాను. తీపి కన్నా పులుపే ఎక్కువ, అయినా చిక్కబళ్ళాపురం చేరేలోపు అరకిలో ఖాళీ చేశాను. బస్టాండు హోటల్లో ఇడ్లీ తింటుండగా తల మీదుగా ఒక విమానం కిందుగా పోయింది. దేవనహళ్ళిలో కొత్త విమానాశ్రయం తెరిచాక ఇక్కడ ఇది మామూలైపోయింది, ఎవరూ తలెత్తి చూడరు. నేను మాత్రం చక్రాలు కిందికి దిగాయా లేదా అని మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. "ఎప్పుడూ చూళ్ళేదామ్మా?" అని సర్వరు నవ్వాడు. చూశానప్పా, లోపల నుంచి, పొగలో అందామనుకుని ఊరుకున్నాను.

చిక్కబళ్ళాపురంలో పదీ నలభైకి బయలుదేరిన బస్సు పన్నెండు లోపల చింతామణి చేర్చింది. అక్కడ కెంచార్లహళ్ళి వైపు పోయే ప్రైవేటు బస్సులో టమాటా బుట్టల మధ్య నాకు అర సీటు దొరికింది. మునిరెడ్డిగారి ఇల్లు తెలుసా అని కండక్టరును అడిగితే, "ఏ మునిరెడ్డి? లెక్క తప్పిన మునిరెడ్డేనా?" అన్నాడు ఇంత నవ్వు మొహంతో. అతనికి పాతికేళ్ళు కూడా ఉండవు. ఆ ప్రమాదం నాటికి పుట్టాడో లేదో, పేరు మాత్రం నోటికొచ్చేసింది. "లెక్క తప్పలేదు, నోరు మూసుకుని టికెట్టివ్వు" అన్నాను. బస్సంతా నావైపు తిరిగింది.

మునిరెడ్డిగారు ఇంటి వెనక కళ్ళంలో ఉన్నారు. డెబ్భై ఏళ్ళుంటాయి, మనిషి నిటారుగా ఉన్నారు. రెండు అరచేతుల మీదా చర్మం ముడతపడి మెరుస్తోంది. నేనెవరో చెప్పాను. దండం పెట్టబోయాను. ఆయన నాకన్నా ముందే చేతులు జోడించేశారు. కళ్ళ వెంబడి నీళ్ళు కారిపోతున్నాయి.

"నిన్ను నేను ఇడిసిపెట్టి వచ్చినానమ్మా," అన్నారు. "నేనెత్తింది పదకొండు మందినే. నీ ముందర నిలబడేకి గూడా నాకు మొగం లేదు."

ఇంత దూరం వచ్చింది ఈ మాట వినడానికా! "అయ్యో, మీరే ఎత్తుకొచ్చారండీ. నాకు గుర్తుంది. తెలుగులో మాట్లాడారు" అని గోల పెట్టాను. కొరికిన సంగతి మాత్రం సిగ్గేసి నోట్లోంచి రాలేదు. ఆయన తల అడ్డంగా ఆడిస్తూనే ఉన్నారు. "పదకొండు తల్లీ. నోటితో లెక్కపెట్టినా. నా లెక్క నాకు తెల్దా? నిన్ను తెచ్చింది వేరే ఎవురో. ఆయప్పకి పెట్టు నీ దండం." రాసినవాళ్ళ అబద్ధాన్ని ఈయన నిజమని నమ్మి ఇన్నేళ్ళు మోశారు. దండం పెట్టించుకునే మనిషే ఒప్పుకోకపోతే నేనేం చేయను? పేచీ పెట్టి లాభం లేదని తెలిసి, మొహం ముడుచుకుని కూర్చున్నాను.

ఆయన భార్య నంజమ్మగారు మమ్మల్నిద్దర్నీ చూసి, "ముందు తినండి, ఏడిసేది తరువాత ఏడుద్దురు" అని కేకేశారు. రాగిముద్ద, పొట్టు తీసిన అనపగింజలతో చేసిన పితికిన పప్పు. అనపకాయల కాలంలో ఈ వైపు వచ్చి పితికిన పప్పు తినకుండా పోతే వచ్చినట్టే కాదు. ఒక ముద్ద చాలన్నా వినకుండా రెండోది వేశారు. తిన్నాక మునిరెడ్డిగారు కళ్ళంలో రాగులు కొలవడానికి కూర్చున్నారు. ఇంట్లో తూకం యంత్రం ఉన్నా, ఆయనకు ఇనప సేరుతో కొలిస్తేనే తృప్తి. నేను గోనెసంచి మూతి పట్టుకున్నాను.

ఆయన మొదటి సేరు నిండా తీసి, మాట్లాడకుండా పక్కనున్న చేటలో పోశారు. రెండో సేరు సంచిలో పోస్తూ "ఒగటి" అన్నారు. తర్వాత రెండు, తర్వాత మూడు.

"అదేంటి, చేటలో పోసింది లెక్కపెట్టలేదే?" అన్నాను.

"అది దేవునిది గదమ్మా. మొదటి కొలత దేవునికి. అది లెక్కలోకి రాదు," అన్నారు, చిన్నపిల్లకు చెప్పినట్టు. నంజమ్మగారు కూడా ఈమెకు ఇదీ తెలియదా అన్నట్టు చూశారు. సంచి నా చేతిలోంచి జారిపోయింది.

"అప్పా, కాస్త ఆగండి. ఆ రోజు మీరు ఒకటి అని లెక్కపెట్టింది ఎవరిని?"

"ఎవురినంటే... తలపాగా కట్టిన ముసలాయనని. బలే బరువుండె."

"ఆయనకన్నా ముందు ఎవరినైనా తెచ్చారా?"

"ముందరనా? ముందర ఆ కొరికిన పాప." సేరు ఆయన చేతిలో అలాగే ఉండిపోయింది. "తలుపు తాననే ఉన్నింది. ఎత్తుకుంటే కుక్క మాదిరి నా చెయ్యి కొరికె. గోడ తావ పండబెట్టి, మళ్ళా పోయి..."

"ఆ కొరికింది నేనే!" అని అరిచాను. అరిచిన అరుపుకు కళ్ళంలో కోళ్ళు చెదిరిపోయాయి. మునిరెడ్డిగారు చొక్కా చెయ్యి పైకి లాగారు. ఎడమ ముంజేతి మీద, పాలిపోయిన అర్ధచంద్రంలా, నా పళ్ళ గాట్లు! నంజమ్మగారు ఒక్క ఉదుటున లేచారు. "ఈ గాట్లు నీవా అమ్మా? పాప కొరికెనే అంటే నేను నమ్మలేదే! ఒగ నెల ఆయప్పకి సంగటి ఏసినా గానీ మాట ఏయలేదే!" అని నెత్తి కొట్టుకుని, ఆ వెంటనే పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. మునిరెడ్డిగారు మాత్రం నవ్వలేదు. చేటలో ఉన్న రాగుల వంక చూస్తూ, వేళ్ళు మడుస్తూ, పెదవులు కదిలిస్తూ మొదటి నుంచి లెక్కపెట్టారు. చిన్నప్పటి నుంచి కళ్ళంలో నేర్చిన లెక్క ఆయనది. మంటల్లో కూడా నోరు ఆ లెక్కే పలికింది. మొదట ఎత్తిన నన్ను దేవుడి కొలతగా పక్కన పెట్టి, రెండోవారి నుంచి ఒకటి మొదలుపెట్టారు.

"పన్నెండు," అన్నారు మెల్లగా. తర్వాత గట్టిగా, "పన్నెండే నంజీ! నేను ఎవురినీ ఇడిసిపెట్టలే!"

ఇంక ఆయన్ను ఆపడం ఎవరి తరం? కండువా భుజాన వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని వీధిలోకి నడిచారు. టీ బంకు దగ్గర, పాలడైరీ దగ్గర, బస్సుకోసం నిలబడినవాళ్ళ దగ్గర ఆగి ముంజేయి చూపించారు. "ఇదో, ఈయమ్మే కొరికింది! పన్నెండు మందినీ నేనే తెచ్చినా!" ఊళ్ళో నలుగురి మధ్య నన్ను కుక్క చేశారు, నాకు పరమానందంగా ఉంది. టీ బంకాయన నోరు తెరుచుకుని విని, "అయితే మా ఊరి మునిరెడ్డప్ప లెక్క తప్పలేదు, వాళ్ళకే మన లెక్క తెల్లేదు" అన్నాడు. ఇద్దరికీ టీ ఇచ్చి చెయ్యి అడ్డంపెట్టాడు, పైసలు తీసుకోలేదు. శెట్టిగారు చెప్పిన రూలు గురించి అప్పుడు చెప్పాను. తన వల్ల పుట్టిన జాగ్రత్త అని మునిరెడ్డిగారికి అంతదాకా తెలియదు. "అట్లయితే నా తరువాత ఎవురూ లెక్కలో పోలేదన్నమాట," అని రెండుసార్లు అన్నారు. నాలుగున్నర బస్సుకు బయలుదేరబోతుంటే ఇంటికి పోయి ఆ చేటలోని రాగులు గుడ్డలో మూటగట్టి తెచ్చారు. "దేవునిది గదా?" అంటే, "నువ్వు ఆ లెక్కలోదానివే," అని నా ఒళ్ళో పెట్టారు. ఈసారి దండం పెడితే కాదనలేదు.

తిరుగు బస్సులో నా నోటుపుస్తకం తీసి ఆ ప్రమాదం కింద నివేదిక నుంచి ఎక్కించుకున్న "తనంతట తానే" వాక్యాన్ని కొట్టేశాను. ఇన్నాళ్ళూ ప్రమాదాల చరిత్ర అంటే తప్పుల పట్టిక అనుకున్నాను. తప్పు ఎక్కడ జరిగిందో వెతకడానికి నేను కాగితాలన్నీ తిరగేశాను. తప్పంటూ లేని మనిషి ఒక కళ్ళంలో కూర్చుని ఇరవై ఏళ్ళకు పైగా నా కోసం ఏడ్చాడు. ఆయన ఊరి లెక్క తెలిసినవాడు ఒక్కడు ఆ ఆఫీసులో ఉండి ఉంటే ఆ రోజే తేలిపోయేది. నివేదిక సరిచేయమని వినతిపత్రం రాసి పంపాను, దాంతోపాటు ఆ పళ్ళ గాట్ల ఫొటో కూడా జతచేశాను. నవ్వుకుంటే నవ్వుకోనీ, ఇది నా సంతకం.

ఈ వైపు వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. బాగేపల్లి నుంచి చింతామణికి నేరుగా పోయే బస్సు ఉదయం ఎనిమిదిన్నర లోపే ఉంటుంది, ముందురోజే బస్టాండులో అడిగి పెట్టుకోండి. చింతామణిలో దిగాక కెంచార్లహళ్ళి బస్సులో పాత పేరు చెబితే కండక్టరుకు తెలియకపోవచ్చు. పన్నెండు మునిరెడ్డిగారి ఇల్లు అని అడగండి, వాకిట్లో దింపుతాడు.